పాదాల నుంచి మొదలైన నది

రంగూన్ నగరం మింగళ తౌంగ్‌న్యున్‌లో అచ్చెన్న మేస్త్రి ఇల్లు ఎక్కడని అడిగితే, రైలుకట్ట పక్కన మూడో సందు అని ఎవరైనా చూపిస్తారు. చూపించి ఊరుకోరు. "మట్టికాళ్లు పట్టుకొని ఓడ ఒగ్గేసినాడు, ఆ మేస్త్రేనా?" అని నవ్వుతారు. ఈ మాట పుట్టించింది బయటివాళ్లు కాదు, ఆయన భార్య చిన్నతల్లే. పులుసులో ఉప్పు ఎక్కువైనా, పైకప్పు కారినా, ఆవిడ తిట్లు తిరిగి తిరిగి చివరికి ఆ ఓడ దగ్గరికే వచ్చి ఆగుతాయి.

ఓడ సంగతి పాతదే. అరవై నాలుగులో దుకాణాలన్నీ సర్కారు చేతికి వెళ్లిపోయి, రంగంలో, అంటే ఈ రంగూన్‌లో, ఉన్న మనవాళ్లు మూటా ముల్లే కట్టుకొని విశాఖ ఓడలెక్కుతున్న రోజులవి. అచ్చెన్న తమ్ముడు దాసు నానా తంటాలు పడి ముగ్గురికీ చోటు సంపాదించాడు. గురువారం ప్రయాణం. సరిగ్గా ఆ వారమే అచ్చెన్న గంగమ్మను చేస్తున్నాడు. వీళ్ల నాన్న జోగి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి బోటాటౌంగ్ రేవులో బియ్యం బస్తాలు మోసినవాడు. రేవు కూలీలందరి తరఫునా ఏడాదికోసారి ఏటి బంకమట్టితో గంగమ్మను చేసి, తొమ్మిది రోజులు కొలిచి, ఆ ఏట్లోనే కలిపేవాడు. ఆ పని కొడుక్కి నేర్పుతూ రెండు కట్టుబాట్లు కూడా నేర్పాడు. అమ్మవారిని పాదాల దగ్గర మొదలుపెట్టాలి, తల ఆఖరున, కళ్లు అన్నిటికంటే ఆఖరున. పాదాలు పడ్డాక సగంలో వదలకూడదు.

గురువారం నాటికి అమ్మవారు మోకాళ్ల దాకా వచ్చింది. "మోకాళ్ల కాడ ఒగ్గేసి ఎలగెల్తానే?" అన్నాడు అచ్చెన్న. చిన్నతల్లి ఏడ్చింది, తిట్టింది, మూటలు విసిరేసింది. దాసు ఒక్కడే వెళ్లాడు. రెండేళ్లకి ఒక ఉత్తరం వచ్చింది, తర్వాత అదీ లేదు. ఆ పైన ఈ దేశం తలుపులు బిడాయించుకుంది. లోపలి వాళ్లకి బయట ఏముందో తెలియదు, బయటి వాళ్లకి లోపల ఎవరున్నారో పట్టదు. అచ్చెన్న ఈ ఊళ్లోనే పుట్టాడు, ఈ ఊళ్లోనే తాపీ పట్టాడు, జేబులో మాత్రం విదేశీయుడని రాసిన కార్డు పెట్టుకొని తిరిగాడు. ఇదేం లెక్కో ఆయనకి ఎన్నడూ బోధపడలేదు. అడిగితే చెప్పేవాళ్లూ లేరు.

ఎనభై ఎనిమిది వేసవిలో తామ్వే పేటలో ఒక ఉన్నత పాఠశాల ప్రహరీ గోడ కూలితే కట్టడానికి వెళ్లాడు. అప్పటికి ఆయనకి యాభై ఆరేళ్లు. ఆ బడిలో భూగోళం చెప్పే డా టిన్ ఎయ్ (డా అంటే అమ్మగారు) అనే బర్మా పంతులమ్మ రోజూ వచ్చి గోడ నీడన నిలబడేది. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటుంది, నవ్వితే పళ్లకంటే ముందు కళ్లు నవ్వుతాయి. గోడ పూర్తయిన రోజున బర్మా భాషలో అడిగింది.

"సయా, నువ్వు నది కట్టగలవా?"

పనివాడిని సయా అని, అంటే గురువుగారూ అని పిలిచిన పంతులమ్మ ఆయనకి ఆవిడే మొదలు. పంతులమ్మనయితే సయామా అంటారు. ఆ మర్యాదకే సగం కరిగిపోయాడు.

"కాలువ కడతాను, తూము కడతాను. నది నేను కట్టేదేంటి సయామా?"

ఆవిడ సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఎప్పుడో దొరల బడి నాటి పుస్తకంలోది. అట్ట ఊడి, చెదలు తిని, ఆ పుస్తకంలో మిగిలిన నాలుగు రంగుల పేజీల్లో అదొకటి. పైన తెల్లటి కొండ, కింద నీలం సముద్రం, రెంటి మధ్యా వంకరటింకరగా ఒక నది.

"ఇదిగో, ఇక్కడ ఎప్పుడూ కరిగిపోని మంచు. మంచు మీద మంచు పడి, ఆ బరువుకి గట్టిపడి, ఆ గడ్డే నదిలాగా కిందికి జారుతుంది. రోజుకి జానెడో మూరెడో. ఆ గడ్డ అంచున గుహ ఉంటుంది. నది పుట్టేది ఆ గుహలో. పుట్టినప్పుడు నీళ్లు బియ్యం కడుగులా తెల్లగా ఉంటాయి, రాతిపొడి కలిసి. అక్కణ్ణించి దూకుడే దూకుడు. రాయిని కోసుకుంటూ ఇరుకు లోయలో పడుతుంది. ఇదిగో ఈ పొడుగాటి సరస్సులోకి వచ్చాక నెమ్మదిస్తుంది. తెచ్చిన పొడినంతా అక్కడ దింపేసి, అవతలి కొసన తేటగా, నీలంగా బయటికొస్తుంది. తర్వాత మైదానం, వంకలు, ఇంకో నదితో కలయిక. చివర సముద్రం దగ్గర ఓపిక లేక పాయలు పాయలుగా విడిపోతుంది."

అచ్చెన్న తల ఊపాడు. సగం అర్థమైంది.

"ఇంకో వింత. ఇది వాన పడకపోయినా పొంగుతుంది. ఎండాకాలంలోనే ఎక్కువ. పొద్దున్న తగ్గి ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ మంచు కరిగి సాయంత్రానికి నిండుగా వస్తుంది."

ఆ సగమూ పోయింది. వాళ్ల నాన్న చెప్పిన శ్రీకాకుళం ఏరు ఎండల్లో ఇసక తప్ప ఇంకేమీ కాదు, చెలమ తవ్వితే గాని గుక్కెడు నీళ్లు దొరకవు. బోటాటౌంగ్ దగ్గర ఏరు రోజుకి రెండుసార్లు ఎక్కి దిగుతుంది గాని అది సముద్రం చేసే పని. ఎండకి పొంగే ఏరు ఏమిటి? ఆ సాయంత్రం ఇంట్లో చెబితే చిన్నతల్లి చేతిలో గరిటె ఆపి చూసింది.

"ఎండకి పొంగడానికి అదేటి, పాలా?"

మర్నాడు ఆయన పంతులమ్మని నిలదీసినంత పని చేశాడు. ఇంతకీ ఇది మన ఐరావతి నదేనా అని. కాదంది. "మన ఐరావతీ మంచుకొండల నీళ్లతోనే పుడుతుంది. కానీ అక్కడికి ఎవర్నీ పోనివ్వరు, బొమ్మ ఉన్న పుస్తకం లేదు. ఇది వేరే దేశం నది. మంచులో పుట్టిన నది ఎక్కడైనా ఇలాగే నడుస్తుంది సయా. మన పిల్లలు ఏ దేశమూ చూడలేదు. ఒక్కసారి పైన చెంబుడు నీళ్లు పోసి, అవి సముద్రం దాకా వెళ్లడం చూస్తే చాలు."

పని మొదలైంది. మూడో రోజున డా టిన్ ఎయ్ వచ్చి చూసి నోరు వెళ్లబెట్టింది. బడి పెరటి చివర, మామిడిచెట్టు దాటాక, అచ్చెన్న సముద్రం కట్టేశాడు. సముద్రంలోకి అయిదు పాయలు, చక్కగా అయిదు కాలివేళ్లలా ఉన్నాయి.

"నది కొండ దగ్గర మొదలవుతుంది సయా!"

"నా పని పాదాల దగ్గర మొదలవుతుంది సయామా. నాకు వేరే తెలియదు."

ఆవిడ పడీపడీ నవ్వింది. అయితే అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆయన మురుగుకాలువ మేస్త్రి. రసమట్టం పెట్టి, మొదటి నుంచి చివరి దాకా ఒకే వాలు తీసే అలవాటు. కాదు, కింద దాదాపు చదునుగా ఉండాలని ఆవిడ దగ్గర కూర్చుని రెండుసార్లు పీకించింది. ఆ చదును మైదానం వంకరలు తిరుగుతూ తిరుగుతూ పది అడుగులు తినేసింది. సరస్సు ఇంకో రెండు అడుగులు. తలెత్తి చూస్తే గోడకి మూడడుగులే మిగిలింది. లోయ, జలపాతం, మంచుగడ్డ, శిఖరం, అన్నీ ఆ మూడడుగుల్లో పట్టాలి. మేస్త్రి పరువు పోయినట్టే అనుకుంటూ ఆ మాట చెప్పాడు. ఆవిడ ఉలిక్కిపడి కాగితం తీసి చూసుకుంది.

"అలాగే ఉండాలి సయా. సాఫీ దారి పొడుగు, నిటారు దారి పొట్టి. ఇది నేను పిల్లలకి పదిహేనేళ్లుగా నోటితో చెబుతున్నాను, నువ్వు తెలియకుండా కట్టేశావు."

తప్పు చేసి మెచ్చుకోలు పొందడం కూడా ఆయనకి అర్థం కాలేదు. కానీ ఆ రోజు ఇంటికి వెళ్లే బస్సులో ఊరికే నవ్వుకుంటూ కూర్చున్నాడు. సంతోషంగా ఉంది, అంతే. కాగితం కూడా ఆవిడ ఆయనకే ఇచ్చేసింది, ఇంట్లో పెట్టుకొని పైభాగం బాగా చూసుకోమని.

పైభాగానికి మాత్రం ముహూర్తం కుదరలేదు. జూన్‌లో బడి తెరిచినట్టే తెరిచి మూసేశారు. వానలు పట్టుకున్నాయి. ఊళ్లో ఏదో మొదలైంది. ఏమిటని అడిగితే మనిషికో మాట. రేడియో అంతా బాగుందనేది. టీ కొట్టులో కూర్చున్న కుర్రాళ్లు అంతా అయిపోయిందనేవారు. వార్డు పెద్ద వచ్చి ఇంట్లోంచి కదలొద్దని చెప్పి, తనే మర్నాడు జెండా పట్టుకొని ఊరేగింపులో కనిపించాడు. ఆగస్టులో సర్కారు దిగిపోవాలంటూ ఊరు ఊరంతా రోడ్డు మీదికి వచ్చింది. వకీళ్లు, నర్సులు, సన్యాసులు, రైలు పనివాళ్లు. అచ్చెన్న ఒక మూల నిలబడి చూశాడు. జేబులో ఆ కార్డు పెట్టుకొని జై అనాలో, ఇంటికి పోవాలో తేలలేదు.

ఆ మూల దగ్గరే తెల్ల రవిక, ఆకుపచ్చ లుంగీలతో పంతులమ్మల వరుస వచ్చింది. అందులో డా టిన్ ఎయ్. ఈయన్ని చూసి చెయ్యెత్తింది.

"సయా! పైభాగం అలా ఉంచు. అంతా సద్దుమణిగాక నువ్వూ నేనూ కలిసి పూర్తి చేద్దాం!"

సెప్టెంబరు పద్దెనిమిదిన సైన్యం గద్దెనెక్కాక సద్దుమణిగింది. తుపాకులతో మణిగింది. ఇంటి గోడలకి చెవులు పెట్టుకొని కూర్చున్న ఆ రోజుల గురించి అచ్చెన్న ఎవరికీ చెప్పడు. ఆ తర్వాత తెలిసింది రెండే సంగతులు. బడిలో సిపాయిలు దిగారు. డా టిన్ ఎయ్ ఇంటికి తాళం ఉంది.

ఆ వారమే చిన్నతల్లి నది కాగితాన్ని పొయ్యిలో పెట్టేసింది. ఆయన చూసేసరికి సముద్రం ఒక్కటే మిగిలింది, అదీ నల్లబడుతోంది.

"ఏటి సేసినావే!"

"బతికించినాను. కార్డు పరాయిది, కాయితం పరాయిది. ఆళ్లొచ్చి సూస్తే మనకింకేటి మిగుల్తాది?"

ఆవిడ భయం తప్పని ఆయన అనలేకపోయాడు. ఆమె నోరు మంచిది కాదు గాని ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు.

అయినా ఆయన మనసు కుదుట పడలేదు. పాదాలు పడ్డాయి, మోకాళ్లు దాటాయి, ఒడి దాకా వచ్చింది, తల లేదు. అది అమ్మవారు కాదు, నది. పైగా ఎవరిదో నది. దానికి మన కట్టుబాటు ఏమిటని తనకి తానే చెప్పుకున్నాడు. మరి పాదాల నుంచి ఎందుకు మొదలెట్టావని తనే అడుక్కున్నాడు. అక్టోబరులో చిన్నతల్లికి దగ్గు పట్టుకుంది. ఆయన మోకాలు వాచింది. పైకప్పు కొత్తచోట కారింది. ఇక ఆగలేకపోయాడు. దీపాల పున్నమి, బర్మావాళ్ల తదింజుత్, వెళ్లిన మర్నాడు పొద్దున్నే తాపీ, రసమట్టం, సున్నం మూట సంచిలో వేసుకున్నాడు.

చిన్నతల్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "అప్పుడు ఓడ ఒగ్గేసినావు. ఇప్పుడు పేణం ఒగ్గేస్తావేటి?"

"సగంలో ఉన్నాదే."

"సగంలో ఉన్నాది, సగంలో ఉన్నాది! నాను ఏ సగంలో ఉన్నానో ఏనాడైనా సూసినావా మావా?"

ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. ఆవిడ పక్కకి తప్పుకుంది. తప్పుకుంటూ సంచిలో రెండు ఉడికించిన చిలగడదుంపలు పడేసింది.

బడి గేటు దగ్గర కాపలా సిపాయి ఈయన్ని చూసి నిజంగా తికమకపడ్డాడు. జనం ఆ గేటు పక్క వీధిలో నడవడమే మానేశారు. ఈ ముసలాడు తాపీ పట్టుకొని లోపలికి పోతానంటున్నాడు. తీసుకెళ్లి కెప్టెన్ ముందు నిలబెట్టాడు. కెప్టెన్ అప్పటికే పెరట్లో, ఆ సగం నది ఒడ్డున కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చిన్న వయసువాడే. చేతిలో పెన్సిలు, ఒళ్లో నోటుపుస్తకం.

"ఇది నువ్వు కట్టిందా? ఏమిటిది?"

"నది, బోజీ." సిపాయిల పెద్దని అలాగే పిలవాలి.

"ఏ నది? మీద కొండలకి చోటు వదిలావు, కింద సముద్రం. ఉత్తరాన కొండల్లో ఎవరున్నారో తెలుసా?"

"ఎవరున్నారు బోజీ?" నిజంగానే అడిగాడు.

"తిరుగుబాటుదార్లు. వాళ్ల దగ్గరికి దారి చూపించే పటం బడిలో ఎందుకు కట్టావు?"

"అయ్యో, ఇది ఆ నది కాదు. పరాయి దేశానిది."

కెప్టెన్ ముందుకి వంగాడు. "పరాయి దేశానిదా? పరాయి దేశం పటం నీకెక్కడిది? ఎవరిచ్చారు?"

మనదంటే ఒక తప్పు. పరాయిదంటే అంతకంటే పెద్ద తప్పు. అచ్చెన్నకి రెండు పక్కలా గోడలే కనిపించాయి. మూడో మాట వెతుక్కునే లోపల నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సయామా డా టిన్ ఎయ్ చెప్పింది, బోజీ."

పెన్సిలు కదిలింది. నోటుపుస్తకంలో కెప్టెన్ ఏదో రాశాడు. ఆ పేరే రాశాడో, ఇంకేదైనా రాశాడో, ఊరికే గీత గీశాడో, ఆయన నిలబడిన చోటి నుంచి కనబడలేదు. మాట బయటికొచ్చేసింది. నాలుక కోసుకున్నా వెనక్కి రాదు. 

"ఆవిడ ఏం చెప్పింది? ఇది ఏమిటని చెప్పింది?"

ఈసారి అచ్చెన్న తొందరపడలేదు. కాళ్ల దగ్గరున్న అయిదు పాయల వైపు చూశాడు.

"ఆవిడకేమీ తెలియదు బోజీ. నది ఒకటి కట్టమంది, అంతే. నేను నా ఇష్టం వచ్చినట్టు చేశాను. ఇది మా గంగమ్మ తల్లి. ఇవి పాదాలు. చూడండి, వేళ్లు. ఇది ఒడి. మేము పాదాల నుంచి చేస్తాం."

"మరి తల ఏది?"

"తల ఆఖరున. అందుకే వచ్చాను. సగంలో వదలకూడదు."

కెప్టెన్ లేచి వేళ్లు లెక్కపెట్టాడు. అయిదున్నాయి. ఒక పాదమే ఉందేమని అడగలేదు. చుట్టూ ఉన్న సిపాయిల్లో ఇద్దరు ఒకడుగు వెనక్కి వేశారు. ఊరి చివర చెట్టు మీది దేవతలకి, అంటే నాట్‌లకి పూలు పెట్టి పుట్టి పెరిగిన కుర్రాళ్లు, దేవత అనే మాట విని బూట్లతో ఎలా నిలబడతారు?

"మూడు రోజులు. దేవతయితే మొహం చూపించు. పటమయితే నాకు తెలిసిపోతుంది," అన్నాడు కెప్టెన్.

ఆ మూడు రోజులూ అచ్చెన్న బతికిన రోజుల్లోకెల్లా గందరగోళపు రోజులు. కాగితం లేదు. ఆవిడ చెప్పిన మాటలే ఉన్నాయి, వాటినే నది కోసం గుర్తు చేసుకోవాలి, అమ్మవారి కోసం మార్చుకోవాలి. ఇరుకు లోయని మెడ చేశాడు. లోయలో రాళ్లు పేర్చాడు, అవి కంటె పూసల్లా వచ్చాయి. శిఖరం తలయింది. సున్నం పూసి మంచు చేశాడు, అది ముగ్గుబుట్టలా నెరిసిన జుట్టయింది. జుట్టు మధ్య నుంచి ఒక తెల్లటి పాయ జారుతూ వచ్చి చుబుకం కింద ఆగింది. అది ఆ కదిలే మంచుగడ్డ. దాని కింద గుహ. నీళ్లు అందులోంచే రావాలి. ఏది నదో ఏది తల్లో ఆయనకే వేరు చెయ్యడం కుదరలేదు. ప్రాణం కాపాడుకోవడానికి అబద్ధం చెబుతున్నానా, లేక ఇన్నాళ్లూ నది అనుకుంటూ చేసిందే పొరపాటా? అడగడానికి ఆ ఒక్క మనిషీ లేదు.

మూడో రోజు మధ్యాహ్నం కళ్లు తీర్చాడు. కెప్టెన్ వెనకే నిలబడి చూశాడు.  "సరే, పో," అన్నాడు. అచ్చెన్న గేటు దాటుతూ వెనక్కి తిరిగితే ఒక సిపాయి బూట్లు విప్పి పక్కన పెట్టి, గంగమ్మ జుట్టులో మల్లెపూలు గుచ్చుతున్నాడు. ఆ సమయంలో నవ్వాలో ఏడవాలో తెలియక, ఆయన రెండూ చేశాడు.

తర్వాత అసలు బాధ మొదలైంది. పంతులమ్మ ఎక్కడ?

తామ్వేలో అడిగాడు. పక్కింటావిడ, తాళం పడిన నాలుగో రోజే జైల్లో వేశారంది. టీ కొట్టువాడు, కాదు, దీపాల పున్నమి దాటాక బంధువుల ఇంట్లో పట్టుకున్నారన్నాడు. బడి జవాను ఇద్దరూ అబద్ధమే, సరిహద్దు దాటి పోయిందన్నాడు. పున్నమికి ముందయితే అచ్చెన్నకి ఏ పాపమూ లేదు. తర్వాతయితే ఆయన నోటి మాటే ఆవిడని పట్టించింది. ఒక్క తేదీ. అదెవరి దగ్గరా లేదు. మరీ నిలదీసి అడిగితే, నీకెందుకని ఎదురు అడుగుతారు. ఆ రోజుల్లో ఎవరి గురించైనా రెండుసార్లు అడగడమే నేరం.

బడి మళ్లీ తెరిచారు. సిపాయిలు వెళ్లిపోయారు. కొత్త పంతులమ్మలకి ఆ విగ్రహం సంగతి తెలియదు. పిల్లలు పరీక్షల ముందు దాని కాలివేళ్ల దగ్గర పూలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం అలవాటు చేసుకున్నారు. అది నది అని, పైన నీళ్లు పోస్తే కిందికి నడుస్తుందని చెప్పేవాళ్లు లేరు. అచ్చెన్న చెప్పలేదు. ఏటేటా బోటాటౌంగ్‌లో మట్టి గంగమ్మను మాత్రం చేస్తూనే ఉన్నాడు. పాదాల దగ్గర మొదలెట్టగానే ఆ తేదీ సంగతే పైకి అనేవాడు.

"ఏ రోజో తెలిస్తే ఏటి సేస్తావు? తిరిగి నోట్లోకి లాక్కుంటావా ఆ మాట?" అంటుంది చిన్నతల్లి. ఈ విషయంలో ఆవిడ తిట్టదు. తిడితే బాగుండునని ఆయనకి ఉంటుంది.

నాలుగేళ్లు పోయాక, తొంభై రెండు వేసవి చివర్లో, డా టిన్ ఎయ్‌ని జైలు నుంచి వదిలారన్న కబురు వచ్చింది. ఉద్యోగం ఇవ్వలేదు. ఆవిడే మూడో సందు వెతుక్కుంటూ వచ్చింది. సగం మనిషయింది, జుట్టంతా తెల్లబడింది. కళ్లు మాత్రం ముందే నవ్వాయి. "సయా, నది పూర్తయిందని విన్నాను. చూపిస్తావా?"

ఇద్దరూ బస్సెక్కి వెళ్లారు. సెలవుల రోజులు. జవాను గేటు తీసి పక్కకి చూస్తూ నిలబడ్డాడు. పెరట్లో ఆ తెల్లజుట్టు తల, ఆ పూసల మెడ, ఆ ఒడి, ఆ పాదం చూస్తూ ఆవిడ ఈ కొస నుంచి ఆ కొసదాకా నడిచింది. అచ్చెన్న తల దించుకున్నాడు.

"బడిలో నది కట్టమంటే అమ్మవారిని కట్టేశాను సయామా. నాకు దారి తోచలేదు."

ఆవిడ మామిడిచెట్టు కిందున్న డబ్బా తీసుకొని కుళాయి దగ్గర నింపింది. వచ్చి తల వెనక పోసింది. నీళ్లు సున్నం జుట్టు మీద నుంచి జారి, చుబుకం కింద గుహలోంచి బయటపడ్డాయి. తెల్లగా, బియ్యం కడుగులా. మెడలో రాళ్ల మీద గలగలమని దూకాయి. ఒడిలో సరస్సులోకి దిగి, అక్కడ ఆగాయి. ఎండిన సరస్సు. అది నిండాలి.

అప్పుడే ఆయన అడిగాడు. అడగకపోతే ఇక ఎన్నడూ అడగలేనని తెలుసు.

"సయామా, ఇక్కడ ఒక కెప్టెన్ ముందు నేను మీ పేరు చెప్పాను. నోరు జారింది. పున్నమి మర్నాడు. మిమ్మల్ని తీసుకెళ్లింది అంతకు ముందా, తర్వాతా?"

ఆవిడ సరస్సు వైపే చూసింది. నీళ్లు అంచులదాకా మెల్లగా ఎక్కుతున్నాయి. సున్నపు పొడి అడుక్కి దిగుతోంది.  సరస్సు నిండింది. అవతలి కొసన నీళ్లు తొణికి, తేటగా, మైదానంలోకి బయల్దేరాయి.

"అంతకు ముందే సయా," అంది డా టిన్ ఎయ్. తర్వాత చీర చెంగులాంటి ఆ వంకల వెంట నీళ్లతో పాటు నడుస్తూ వెళ్లి, అవి అయిదు వేళ్లలోకి విడిపోవడం వంగి చూసి, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

ఇంటికి రాగానే చిన్నతల్లి అడిగింది. "ఏటన్నాది?"

"ముందే అన్నాది."

"అమ్మయ్య! మరింకేటి? మొహం అలగెట్టినావేటి?"

"సెరువు నిండీదాక మాటాడలేదే," అన్నాడు అచ్చెన్న.

చిన్నతల్లికి అర్థమైంది. ఆవిడ ఓడ మాట ఎత్తలేదు. పక్కన కూర్చుని ఆయన వాచిన మోకాలి మీద చెయ్యి వేసింది.

అంతసేపూ డా టిన్ ఎయ్ తేదీ గుర్తు చేసుకుంటోందా? అబద్ధం చెప్పాలో వద్దో తేల్చుకుంటోందా? లేక ఊరికే నీళ్లని చూస్తోందా, నాలుగేళ్లుగా చూడాలనుకున్న నీళ్లని? ఎంత ఆలోచించినా ఆయనకి తేలలేదు. ఒక్కటి తేలింది. సరస్సు ఎండి ఉండబట్టే అంతసేపు పట్టింది. ముందే నిండి ఉంటే నీళ్లు ఆగకుండా పోయేవి, ఆవిడా వెంటనే చెప్పేసేది.

అప్పటినుంచి అచ్చెన్న రోజూ పనికి పోయే ముందు తామ్వే బస్సెక్కుతాడు. డబ్బాతో నీళ్లు మోసి గంగమ్మ ఒళ్లో సరస్సుని అంచులదాకా నింపి పోతాడు. డా టిన్ ఎయ్ నెలకోసారి, ఏ రోజని చెప్పకుండా వస్తుంది, పైన నీళ్లు పోస్తుంది, అవి ఎక్కడా ఆగకుండా సముద్రం చేరతాయి. ఆయన పక్కనే నిలబడతాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగాలని ప్రతిసారీ అనుకుంటాడు. ఇంతవరకూ అడగలేదు.